మంచును కొలిచినవాళ్లు

ఈ శీతకాలంలో మన సంఘం పిల్లలను వెంటబెట్టుకుని రస్ అల్ ఖైమాలోని జబల్ జైస్ కొండకు వెళ్లివచ్చిన సంగతి మీలో చాలామందికి తెలుసు. పులిహోర, పెరుగన్నం పొట్లాలు కట్టుకుని, ఫ్లాస్కులలో కాఫీ పోసుకుని, రెండు బస్సులలో బయలుదేరాము. పైన గాలి బాగా చల్లగా ఉన్నది. ఆ చలిలో నిలబడి మేము పిల్లలకు ఒక వింత చెప్పాము. ఈ ఎడారి దేశంలో, సరిగ్గా ఈ కొండల మీద, 2004 డిసెంబరులో ఒకసారి, 2009 జనవరిలో మరొకసారి మంచు కురిసిందని, 2009లోనైతే నేల మీద ఇరవై సెంటీమీటర్లు, అంటే ఇంచుమించు జానెడు మందాన పేరుకున్నదని అప్పటి పత్రికలు రాశాయని చెప్పాము. పెద్దలు ఫొటోల హడావిడిలో ఉన్నారు. ఐదో తరగతి చదివే ఒక అబ్బాయి మాత్రం దగ్గరకు వచ్చి, "అంకుల్, అదంతా కరిగితే ఎన్ని బకెట్లు నీళ్లు వస్తాయి?" అని అడిగాడు.

మన సంఘంలో ఇంజనీర్లకు కొదవ లేదు. అయినా అందరూ నవ్వి ఊరుకున్నారు. మేము వైద్యులము, లెక్క చెప్పడం మా పని కాదు. కాని పిల్లవాడి ప్రశ్నకు జవాబు చెప్పకుండా వదిలివేయడం బాగుండదు గదా. ఇంటికి వచ్చాక పుస్తకాలు తిరగవేశాము. వెతకగా వెతకగా ఆ బకెట్ల లెక్క వెనుక నూట యాభై ఏళ్ల చరిత్ర ఉన్నదని, అందులో మన రాయలసీమ ఆకలి ఉన్నదని, మన హైదరాబాదు ఉన్నదని తెలిసింది. ఆ సంగతులే ఈ వ్యాసం.

మొదట అబ్బాయి లెక్క. కొత్తగా కురిసిన మంచు దూదివంటిది, అందులో పదింట తొమ్మిది వంతులు గాలే. జానెడు మంచు కరిగితే రెండు సెంటీమీటర్ల నీరు. చదరపు కిలోమీటరు మేర అలా పరుచుకుంటే ఇరవై వేల ఘనపు మీటర్లు, అనగా రెండు కోట్ల లీటర్లు. ఇక్కడ మన వీధులలో తిరిగే ఐదు వేల గ్యాలన్ల ట్యాంకర్లు ఇంచుమించు తొమ్మిది వందలు నిండుతాయి. బకెట్లలో చెప్పాలంటే పది లక్షలు. వినడానికి చాలా అనిపిస్తుంది. కాని ఇది ఉజ్జాయింపు మాత్రమే. ఆ మంచు నిజంగా ఎంత బరువున్నదో, ఎన్ని రోజులలో కరుగుతుందో, కరిగినదానిలో ఎంత రాతిలో ఇంకి ఎంత వాదిలోకి దిగుతుందో తెలియకుండా ట్యాంకర్ల లెక్క చెప్పడం, నాడి చూడకుండా మందు చీటీ రాసినట్లే.

మన తెలుగువాళ్లకు ఈ లెక్క ఎన్నడూ అవసరం పడలేదు. మన భాషే అందుకు సాక్ష్యం. గడ్డి మీద పడే తుషారమూ మంచే, తెల్లవారుజామున రోడ్డు కనపడనీయనిదీ మంచే, హిమాలయాల మీద ఉన్నదీ మంచే. లంబసింగికి మంచు చూడబోయినవాళ్లు చాలావరకు పొగమంచే చూసి వస్తారు. అరబ్బులకూ అంతే, గ్లాసులో వేసుకునే ఐసుకూ కొండ మీద మంచుకూ కలిపి 'సల్జ్' అన్న ఒకే మాట. గోదావరి, కృష్ణ, పెన్న, తుంగభద్ర అన్నీ వాన మీద బతికే నదులు. మన నదికి సంవత్సరాది జూన్‌లో, నైరుతి గాలితో. సింధు, సట్లెజ్, గంగలకు మార్చి చివరనే, ఎండ ముదరగానే సంవత్సరాది. వర్షం రాకముందే నిండే నది అంటే మన రైతుకు విడ్డూరం.

అయినా హిమాలయాల మంచు మన ఇళ్ల దాకా ఒకసారి వచ్చింది. 1876లో.

ధాత నామ సంవత్సరం అది. నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ మొండిచేయి చూపించాయి. బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలు, మైసూరు, హైదరాబాదు సంస్థానాలలో భాగాలు ఎండిపోయాయి. 1878 వరకు సాగిన ఆ కరువులో దక్షిణ, పశ్చిమ భారతాలలో ఏబది లక్షలకు పైగా జనం పోయారని అంచనా. మాది అనంతపురం వైపు. 'ధాత కరువు' అన్న మాట మా ఇంట్లో తిట్టుగా మిగిలింది. అన్నం పారబోసే పిల్లవాడిని మా నాయనమ్మ, "ధాత కరువులో పుట్టి ఉంటే తెలిసేదిరా నీకు" అని కసిరేది. ఆమె పుట్టింది ఆ కరువు తర్వాత ఎన్నో దశాబ్దాలకు. ఆమెకు ఆ మాట ఎవరిచ్చారో, వాళ్లకెవరిచ్చారో.

భారత వాతావరణ శాఖ ఆ కరువుకు ఒక్క ఏడాది ముందు, 1875లో ఏర్పడింది. దాని తొలి అధికారి హెన్రీ బ్లాన్‌ఫర్డ్. చదువుకు భూగర్భ శాస్త్రవేత్త. ఇంత కరువు వస్తుందని ముందుగా చెప్పలేకపోయారేమని ప్రభుత్వం అడగడం సహజమే. 1880లో నివేదిక ఇచ్చిన కరువు కమిషను కూడా వాతావరణ శాఖను బలపరచాలన్నది. బ్లాన్‌ఫర్డ్ పాత రికార్డులన్నీ ముందేసుకుని ఒక సంబంధం పట్టుకున్నాడు. వసంతకాలంలో హిమాలయాలపై మంచు ఎక్కువగా, ఆలస్యంగా కురిసిన ఏడాది మైదానాలలో పొడి పడమటి గాలులు వీచి వానలు తప్పుతున్నాయి. 1882 నుంచి ఆ ఆధారంతో పరీక్షగా జోస్యాలు చెప్పి చూశాడు. 1884లో లండన్ రాయల్ సొసైటీకి వ్యాసం పంపాడు. 1886 జూన్ 4న దేశమంతటికీ తొలి అధికారిక రుతుపవన అంచనా వెలువడింది. నేడు ఏటా ఏప్రిల్‌లో మన పత్రికల మొదటి పేజీలో వచ్చే 'ఈ ఏడు సాధారణ వర్షపాతం' అన్న వార్తకు అది పెద్ద తాత.

ఇక్కడ మా వృత్తివాడొకడిని తలచుకోకుండా ముందుకు పోలేము. ధాత కరువులో ప్రభుత్వం సహాయ పనులు పెట్టింది. వైస్రాయ్ లిట్టన్ పంపగా వచ్చిన రిచర్డ్ టెంపుల్, ఖర్చు తగ్గించడానికి, పనిచేసే మగవానికి రోజుకు ఒక పౌను ధాన్యం, దానిపైన కొద్దిపాటి డబ్బు చాలునన్నాడు. పౌను అంటే నాలుగు వందల యాభై గ్రాములు. వరి బియ్యమే అనుకున్నా పదహారు వందల క్యాలరీలు దాటదు, అదీ రోజంతా రాళ్లు కొట్టే మనిషికి. మద్రాసు రాజధానిలో శానిటరీ కమిషనర్‌గా ఉన్న డాక్టర్ కార్నిష్ దీనిని గట్టిగా ఎదిరించాడు. ఈ కూలితో మనిషి పనీ చేయలేడు, బతకనూ లేడని రాశాడు. పని శిబిరాలలో చావుల లెక్కలు ముందు పెట్టాడు. కొద్ది నెలలకు మద్రాసు ప్రభుత్వం కూలి పెంచవలసి వచ్చింది. అప్పటికే ఎందరో పోయారు. ఒకడు కొండ మీద మంచును, ఒకడు పళ్లెంలో గింజలను కొలిచాడు. ఆ కాలంలో ఎక్కువ ప్రాణాలు నిలబెట్టినది రెండో కొలత అని మా అభిప్రాయం. వైద్యుల పక్షపాతం అనుకున్నా సరే.

బ్లాన్‌ఫర్డ్ సిద్ధాంతం ఏమైంది? కొన్నాళ్లు ఫలించి, తర్వాత బెడిసింది. ఆయన తర్వాత వచ్చిన జాన్ ఎలియట్ 1899లో మంచి వర్షాలు పడతాయన్నాడు. ఆ ఏడు దేశం మరో ఘోరమైన కరువు చూసింది. విమర్శలకు తట్టుకోలేక కొన్నేళ్లపాటు అంచనాలను రహస్యంగా ఉంచారట. 1904లో పగ్గాలు చేపట్టిన గిల్బర్ట్ వాకర్ గణిత పండితుడు. గుమాస్తాల చేత లెక్కలు కట్టించి, ప్రపంచమంతటి పీడనాలనూ ఉష్ణోగ్రతలనూ మన వానతో ముడిపెట్టి చూశాడు. ఆయన సూత్రాలలో హిమాలయ మంచు కూడా ఒక అంశంగా మిగిలింది గాని, ఆయన చివరకు కనిపెట్టినది పసిఫిక్ సముద్రపు ఊయలను. నేడు ఎల్ నినో పేరుతో పసిపిల్లలకు కూడా తెలిసిన విషయంలో సగం అది. 1976లో హాన్, శుక్లా అనే ఇద్దరు ఉపగ్రహ చిత్రాలతో యూరప్, ఆసియాల శీతకాలపు మంచును కొలిచి, మంచు ఎక్కువైన ఏడాది మన వాన తగ్గుతున్నదని మళ్లీ చూపించారు. తొంభై ఏళ్ల తర్వాత బ్లాన్‌ఫర్డ్ తిరిగి తలెత్తాడు. ఆ సంబంధం స్థిరమైనది కాదని, దశాబ్దాల మధ్య బలహీనపడుతున్నదని తర్వాతి పరిశోధకులు అన్నారు.

బ్లాన్‌ఫర్డ్ మంచును చూసి వానను ఊహించాడు. మంచును చూసి ఆ మంచు నీటినే లెక్కకట్టడం వేరొక విద్య. అందుకు ఆదిపురుషుడు ఇంజనీరు కాదు, లాటిన్ మాస్టారు.

జేమ్స్ ఎడ్వర్డ్ చర్చ్ అమెరికాలోని నెవడా విశ్వవిద్యాలయంలో లాటిన్ చెప్పేవాడు. కొండలెక్కడం సరదా. రీనో పట్టణానికి దగ్గరలోని మౌంట్ రోజ్ శిఖరాన్ని శీతకాలంలో ఎక్కి, పైన ఒక వాతావరణ కేంద్రం నెలకొల్పాడు. కిందనున్న టాహో సరస్సు నీటిపై వాడుకందార్ల మధ్య తగాదా. వసంతంలో సరస్సు ఎంత పెరుగుతుందో ముందే తెలిస్తే తగాదా సగం తీరుతుంది. చర్చ్ ఒక ఉక్కు గొట్టం చేయించాడు. కొసన రంపపు పళ్లు. మంచులోకి తిప్పుతూ దింపి, నిండిన గొట్టాన్ని త్రాసుకు తగిలించి తూచాలి. గొట్టం వ్యాసం ఒకటిన్నర అంగుళాలు ఉండేట్లు చూసుకున్నాడు. అందులోనే ఉన్నది తెలివి. ఒక ఔన్సు బరువు తూగితే ఒక అంగుళం నీరన్నమాట. కాగితం, కలం, గుణకారం అక్కరలేదు. గడ్డకట్టిన వేళ్లతో నడుము లోతు మంచులో నిలబడినవాడు ముల్లు చూసి అంకె చెప్పగలడు. 1900, 1910ల మధ్య రూపుదిద్దుకున్న ఈ పద్ధతి అమెరికా పడమటి రాష్ట్రాలన్నిటికీ పాకింది.

మంచు లోతు ఎంతో తెలిస్తే చాలదు, బరువు తెలియాలన్నది చర్చ్ గ్రహించిన సంగతి. కొత్త మంచు నీటిలో పదో వంతు బరువు. వసంతానికి అణగి, తడిసి, సగం బరువుకు వస్తుంది. కంటికి సగానికి తగ్గినట్లు కనిపించే మంచులో నీరు చుక్క కూడా తగ్గి ఉండకపోవచ్చు. నీరు పట్టిన కాలు చూసి రోగి లావెక్కాడనుకునే బంధువులవంటిదే ఈ పొరపాటు, కాకపోతే తిరగేసి. చర్చ్ 1947లో, డెబ్బై ఎనిమిదేళ్ల వయసులో, హిమాలయాలలో మంచు కొలతలు ప్రారంభించడానికి భారతదేశం వచ్చాడు. స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే ఒక ముసలి లాటిన్ మాస్టారు గొట్టమూ త్రాసూ పట్టుకుని మన కొండలెక్కాడన్న సంగతి మాకెంతో ముచ్చటగా తోచింది.

ఎంత ఉన్నదో తెలిసింది. ఎప్పుడు దిగుతుంది? దీనికి జవాబు ఆల్ప్స్ పర్వతాలలో అంతకు ముందే, 1887లో దొరికింది. ఫిన్‌స్టర్‌వాల్డర్, షుంక్ అనే ఇద్దరు సుల్డెన్ హిమానీనదం కరుగుదలను గాలి వేడితో ముడిపెట్టారు. సున్నా డిగ్రీలకు పైన ఎన్ని డిగ్రీలు, ఎన్ని రోజులు అన్నది కూడితే చాలు. మా వార్డులో మంచం తలాపున వేలాడే జ్వరం చార్టు వంటిది. ఒక్కొక్క డిగ్రీకి రోజుకు మూడు నుంచి ఆరు మిల్లీమీటర్ల దాకా నీరు దిగుతుంది. అడవి నీడలో తక్కువ, వేసవి దగ్గరపడి మంచు మురికిబారినకొద్దీ ఎక్కువ. కొండ పైకి పోయేకొద్దీ వెయ్యి మీటర్లకు సుమారు ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. కాబట్టి రెండు వేల మీటర్ల ఎత్తున ఇరవై డిగ్రీలుంటే నాలుగు వేల మీటర్ల దగ్గర ఏడు. డిగ్రీకి నాలుగు మిల్లీమీటర్ల వంతున అక్కడ ఆ రోజు ఇరవై ఎనిమిది మిల్లీమీటర్లు కరుగుతుంది. చదరపు కిలోమీటరుకు ఇరవై ఎనిమిది వేల ఘనపు మీటర్లు.

స్విట్జర్లాండులో మంచు పరిశోధనాలయంలో పనిచేసిన యారొస్లావ్ మార్టినెట్స్ 1975లో వీటన్నిటినీ ఒక చిన్న సమీకరణంలోకి దించాడు. మంచు పరుచుకున్న విస్తీర్ణం, డిగ్రీల మొత్తం, కరిగినదానిలో నదికి చేరే వంతు, వీటికి తోడు 'నిన్నటి ప్రవాహంలో ఈ రోజుకు మిగిలేది ఎంత' అన్న గుణకం. ఈ చివరిది చూసి మేము నవ్వుకున్నాము. రక్తంలో మందు తగ్గే తీరును మేము ఇలాగే లెక్కిస్తాము. నిన్నటి దానిలో పదింట తొమ్మిది వంతులు నేడు, అందులో తొమ్మిది వంతులు రేపు. కొండకు మూత్రపిండాలున్నాయన్నమాట. తర్వాత అమెరికాలో ఆల్బర్ట్ రాంగో ప్రభృతులు దీనిని ఉపగ్రహ చిత్రాలతో జతపరచగా ప్రపంచమంతటా వాడుకలోకి వచ్చింది.

ఇక మన ఇంటి కథ.

సట్లెజ్ నది టిబెట్‌లో మానస సరోవరం ప్రాంతాన పుట్టి, షిప్కి కనుమ దగ్గర మన దేశంలోకి దిగి, భాక్రా దగ్గర ఆనకట్టను చేరుతుంది. 1963 అక్టోబరు 22న నెహ్రూ జాతికి అంకితం చేసిన ఆనకట్ట అది. ఎత్తు 226 మీటర్లు. జలాశయం కట్టినప్పటి లెక్కన మూడు వందల ముప్పై టీఎంసీలు పడుతుంది. దాని పరీవాహక ప్రాంతం సుమారు యాభై ఏడు వేల చదరపు కిలోమీటర్లలో పెద్ద భాగం టిబెట్‌లో ఉన్నది. అక్కడికి మన గొట్టమూ త్రాసూ పోలేవు. భాక్రాకు ఏడాదిలో వచ్చే నీటిలో సగానికి పైగా, ఒక పరిశోధన ప్రకారం 59 శాతం, మంచు, హిమానీనదాల కరుగుదలే. మే చివర నుంచి సెప్టెంబరు వరకు జలాశయం నిండే కాలం. అంతకు ముందు, ఏప్రిల్‌లో, అధికారులు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటున్నది. ఉన్న నీటిని కరెంటుకూ పైర్లకూ ధారాళంగా వదలవచ్చునా, బిగపట్టాలా? మంచు బాగా ఉన్నదని వదిలి, తీరా అది రాకపోతే పంజాబు, హర్యానా, రాజస్థాన్ పొలాలు ఎండుతాయి. లేదనుకుని బిగపడితే, వచ్చిన నీరు వృథాగా గేట్ల మీదుగా పోతుంది.

దీనికి దారి చూపినది మన బాలానగర్. అవును, సికింద్రాబాదు నుంచి బస్సెక్కి వెళ్లే బాలానగరే. 1974లో ఏర్పడిన జాతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థ అక్కడ ఉన్నది. (2008 నుంచి ఇస్రోలో భాగంగా పేరు కొద్దిగా మారింది.) మంచు ముఖం చూడని ఊళ్లో కూర్చుని, అమెరికావారి నోవా ఉపగ్రహాలు పంపిన బొమ్మలలో సట్లెజ్ పరీవాహకం మీద మార్చి చివరకు తెల్లదనం ఎంతవరకు దిగి ఉన్నదో గీతలు గీసి, విస్తీర్ణం కొలిచి, ఏప్రిల్, మే, జూన్‌లలో భాక్రాకు ఎంత నీరు వస్తుందో 1980 దశకంలో ముందుగా చెప్పడం మొదలుపెట్టారు. ఎ. ఎస్. రామమూర్తి ఈ పనిమీద 1983లోనూ 1987లోనూ ప్రచురించిన పత్రాలు ఉన్నాయి. పద్ధతి చాలా సాదా. వెనుకటి ఏళ్ల విస్తీర్ణాన్ని, ఆయా ఏళ్ల ప్రవాహాన్ని ఒక గీత మీద పెట్టి, ఈ ఏటి విస్తీర్ణానికి ప్రవాహం చదువుకోవడమే. అసలు చిక్కు మబ్బులతో. బొమ్మలో మబ్బూ తెలుపే, మంచూ తెలుపే. అయితే మబ్బు రేపటికి జరిగిపోతుంది, మంచు కదలదు. మబ్బు దూదిపింజ ఆకారం, మంచు లోయలను అంటిపెట్టుకుని చెట్టుకొమ్మల ఆకారం. ఎక్స్‌రేలో నీడ చూసి జబ్బా, బట్ట మడతా అని తేల్చుకునే మాకు ఆ కంటి అలవాటు విలువ తెలుసు.

మా ఆసుపత్రిలో పనిచేసే పంజాబీ మిత్రుడొకరు రోపడ్ వైపు వారు. ఈ సంగతి చెప్పగానే ఆయన, "మీ హైదరాబాదువాళ్లు మా నీళ్లు లెక్కపెట్టారా!" అని ఆశ్చర్యపోయి, వెంటనే 1988 ఎత్తుకున్నారు. ఆ ఏడు సెప్టెంబరు చివర, జలాశయం నిండుగా ఉన్నప్పుడు, నాలుగు రోజులు కుండపోత. గేట్లు ఎత్తారు. దిగువన పంజాబు మునిగింది. ముందే ఎందుకు ఖాళీ చేయలేదన్న ఆగ్రహం చల్లారకముందే, ఆ నవంబరులో ప్రాజెక్టు బోర్డు ఛైర్మన్‌ను ఉగ్రవాదులు కాల్చి చంపారు. అది మంచు తెచ్చిన వరద కాదు, వాన తెచ్చినది. కాని నిండే కాలం ముగియబోతుండగా జలాశయాన్ని ఎంతవరకు నింపాలన్నది అంచనా మీదే ఆధారపడిన నిర్ణయం. అంచనా వేసేవాడి తల మీద ఎంత బరువుంటుందో ఆ రోజు అర్థమైంది. మా మిత్రునికి అప్పుడు ఆరేళ్లు. డాబా మీద మూడు రాత్రులు ఉన్నామన్నారు.

సట్లెజ్ మరొక పాఠం 2000లో చెప్పింది. జులై 31 రాత్రి వానలేని ఆకాశం కింద నది ఉన్నట్టుండి లేచి కిన్నౌర్, రాంపూర్ ప్రాంతాలలో వంద మందికి పైగా బలి తీసుకుంది. నాలుగేళ్లకు, 2004 వేసవిలో, టిబెట్‌లోని పారెచు అనే ఉపనది మీద కొండచరియ విరిగిపడి సరస్సు ఏర్పడింది. ఈసారి బాలానగర్‌లో బొమ్మ ఉన్నది. సరస్సు ఎంత పెరుగుతున్నదో నెలల తరబడి కొలుస్తూనే ఉన్నారు. 2005 జూన్ 26న అది తెగింది. వంతెనలు, రోడ్లు కొట్టుకుపోయాయి. జనాన్ని ముందే ఖాళీ చేయించడంవల్ల ప్రాణనష్టం జరగలేదు.

కొలత ఉన్నంత మాత్రాన ప్రతిసారీ అలా జరగదు. 2023 అక్టోబరులో సిక్కింలో దక్షిణ ల్హొనక్ హిమ సరస్సు తెగినప్పుడు అదే సంస్థ బొమ్మలు విడుదల చేసింది. సెప్టెంబరు 28న 167 హెక్టార్లు, అక్టోబరు 4న 60. ఆ సరస్సు ప్రమాదకరమని శాస్త్రవేత్తలు ఏళ్ల ముందు నుంచే రాస్తూ వచ్చారు. చుంగ్‌తాంగ్ దగ్గరి తీస్తా ఆనకట్ట ఆ రాత్రి కొట్టుకుపోయింది. రోగ నిర్ధారణ సరిగ్గా అయి, రిపోర్టు ఫైలులో ఉండి, రోగి మాత్రం పోయిన కేసులు మేము చూశాము. ఆ ఫైలు మూసేటప్పుడు కలిగే భావం ఆ రెండు అంకెలు చూసినప్పుడు కలిగింది.

మేము ఉండే అల్ ఐన్‌లో మంచు లేదు. నీటిని కొలిచే విద్య మాత్రం ఇక్కడ మూడు వేల ఏళ్లది. హీలీ, బిదా బింత్ సౌద్ ప్రాంతాలలో తవ్వకాలలో దొరికిన ఫలజ్‌లు ఇనుప యుగం నాటివి. కొండ అంచున 'ఉమ్', అంటే తల్లి, అనే బావి తవ్వి, అక్కడి నీటిని భూమి లోపలి సొరంగం గుండా కొద్ది వాలుతో మైళ్ల దూరం నడిపించి ఖర్జూర తోటలో పైకి తెచ్చే ఏర్పాటు. కొండ మీద పడిన వాన రాళ్లలో ఇంకి నెమ్మదిగా దిగివస్తుంది. ఆలోచిస్తే ఇదీ మంచులాంటిదే, నీటిని దాచుకుని ఆలస్యంగా ఇచ్చే కొండ. పగలు కొయ్య నీడతో, రాత్రి నక్షత్రాలతో కాలం కొలిచి, ఎవరి వంతు నీరు వారికి వదిలేవారు. పంచేవాడిని 'అరీఫ్' అంటారు. మన చెరువుల కింద నీరటి చేసిన పనే. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు చెప్పి, అందులో మూడు యోజనాలు ప్రవహించి వచ్చే తియ్యని నీటి నది ఒకటన్నది. ఎంత దూరం నుంచి నీరు పోగై వస్తుందో చూసుకుని కట్ట కట్టమని దాని భావం. లెక్క తెలిసినవాళ్లే.

1946లో అల్ ఐన్‌కు అధికారిగా వచ్చిన షేక్ జాయెద్ పూడిపోయిన ఫలజ్‌లను బాగుచేయించి, అల్ సారూజ్ అనే కొత్తదానిని ఏళ్ల తరబడి తవ్వించి, పెద్దల చేతిలో ఉండిన నీటి వంతులు పేదలకూ అందేట్లు చూశాడు. తర్వాత బోర్లు వచ్చాయి, నీటిమట్టం దిగిపోయింది. నేడు ఇక్కడి ఫలజ్‌లలో చాలావరకు పారేది బోరునీరే. మనం ఇంట్లో తాగేది సముద్రపు నీరు.

2024 ఏప్రిల్ 16 మీకందరికీ గుర్తే. అల్ ఐన్ దగ్గర ఖత్మ్ అల్ షక్లాలో ఒక్క రోజులో 254.8 మిల్లీమీటర్ల వాన పడింది. 1949లో రికార్డులు మొదలైన నాటి నుంచి ఇంత వాన లేదు. మేము ఆ రాత్రి ఆసుపత్రిలోనే ఉండిపోయాము. తెల్లవారి బయటకు వస్తే, కార్లు పార్కు చేసినచోట చెరువు. జబల్ జైస్ మీది జానెడు మంచులో ఉన్న నీటికి పన్నెండు రెట్లకు పైగా నీరు ఒక్క రాత్రిలో వచ్చి, కొద్ది రోజులలో కొంత ఇంకి, కొంత ఆవిరై, మిగిలినది పంపులతో తోడించుకుని వెళ్లిపోయింది. మంచులా వారాల తరబడి కొండ మీద ఆగి ఉంటే... అని అనుకోకుండా ఉండలేకపోయాము.

ఇదంతా ఆ ఐదో తరగతి అబ్బాయికి ఫోనులో, అతనికి అర్థమయ్యేంత మేరకు చెప్పాము. ట్యాంకర్ల లెక్కకు సంతోషించాడు గాని, ఎన్ని రోజులలో కరుగుతుందని మళ్లీ అడిగాడు. సగటున ఐదు డిగ్రీల వేడి, డిగ్రీకి నాలుగు మిల్లీమీటర్ల వంతున వేస్తే ఇరవై మిల్లీమీటర్లకు సరిగ్గా ఒక్క రోజు. "ఒక్క రోజేనా!" అని నిరాశపడ్డాడు. పదింట ఒక వంతు అన్నది మాత్రం నమ్మలేదు. మరునాడు వాళ్లమ్మగారు ఫోను చేశారు. ఫ్రిజ్ పైఅరలో పేరుకున్న మంచంతా చెంచాతో గీకి స్టీలు గ్లాసు నిండా పోసి, కరిగే దాకా కూర్చుని, స్కేలు పెట్టి కొలిచాడట. మూడో వంతు వచ్చిందట. "మీరు చెప్పిన లెక్క తప్పంటున్నాడండీ, వచ్చి సర్దిచెప్పండి, నా ఫ్రిజ్ ఇంకా తెరిచే ఉంది" అన్నారు.